జామ్‌లో పంచదార సగం చేస్తే తప్పేంటి?

ఎర్రపళ్ళబుట్ట:
అందరికీ నమస్కారం. ఒక విషయంలో మా ఇంట్లో రెండు మాటలయ్యాయి, మీరే తేల్చాలి. పోయిన నెల కిలో స్ట్రాబెర్రీలతో జామ్ చేశాను. అందరూ చెప్పే కొలత పండుకి సమానంగా పంచదార. నాకది మరీ ఎక్కువనిపించి అరకిలోనే వేశాను. ఇరవై నిమిషాలు ఉడికించి, కాస్త చిక్కబడగానే దించేసి, కడిగి ఆరబెట్టిన సీసాల్లో పోసి అలమరలో పెట్టాను. పల్చగా ఉంది కానీ రుచి ఎంత బాగుందో, పండు కొరికినట్టే ఉంది. మొదటి సీసా వారంలో అయిపోయింది. మూడు వారాలకి రెండోది తెరిస్తే పైన బూడిదరంగు బూజు, బొటనవేలి గోరంత. మూడోదీ అంతే.

"పంచదార దగ్గర లెక్క చూసుకుంటే ఇంతే" అని మా అత్తగారు. "సీసాలు సరిగ్గా ఆరలేదు, పంచదార తప్పు కాదు" అని మా ఆయన. పై బూజు తీసేసి మిగతాది తినొచ్చని కూడా అత్తగారు అన్నారు. నాకు మనసొప్పక పారేశాను. ఇంతకీ పంచదార తగ్గించవచ్చా, కూడదా?

గరిటె:
మీ అత్తగారు చెప్పింది నిజమండీ, బూజు తీసి తినొచ్చన్న మాట తప్ప. జామ్‌లో పంచదార తీపి కోసమే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. అది అక్కడ రెండు పనులు చేస్తుంది.

మొదటిది, గడ్డకట్టించడం. పండులో పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. సన్నటి దారాల్లాంటిదనుకోండి. ఆ దారాలు నీళ్ళని అంటిపెట్టుకుని విడివిడిగా తేలుతూ ఉంటాయి. పంచదార ఆ నీళ్ళని తనవైపు లాక్కుంటుంది. పండులోని పులుపు దారాలు ఒకదాన్నొకటి తోసుకోకుండా చేస్తుంది. అప్పుడే అవి ఒకదానికొకటి చిక్కుకుని వల కడతాయి, రసం అందులో ఆగుతుంది. మామూలు పెక్టిన్‌కి ఈ పని జరగాలంటే జామ్ బరువులో 60 నుంచి 65 శాతం దాకా కరిగిన ఘనపదార్థం ఉండాలి. అందులో దాదాపు అంతా పంచదారే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో, అంటే కోడెక్స్‌లో కూడా జామ్‌కి కనీసం 60 శాతం అని పెట్టింది ఊరికే కాదు.

రెండోది నిల్వ. పంచదార నీళ్ళని పట్టేసుకుంటే బూజుకి తాగడానికి నీళ్ళు దొరకవు. మీరు సగం వేసి తొందరగా దించేశారు. జామ్ పల్చగా ఉందని మీరే రాశారు. సీసాలో నీళ్ళు మిగిలాయి, బూజు వచ్చింది. అంతే.

పంచదార సగం వేస్తే అది జామ్ కాదండీ, ఉడికించిన పండు. తినండి, బాగుంటుంది. కానీ అలమరలో పెట్టి జామ్ అని పిలవకండి.

నిమ్మచెక్క:
గరిటె గారూ, నిల్వ విషయంలో మీతో ఏకీభవించను. పంచదార లేకపోతే పండు పాడైపోతుందన్నట్టు రాశారు. పళ్ళని ఉత్త నీళ్ళలో, తమ రసంలోనే సీసాల్లో పెట్టి నెలల తరబడి ఉంచేవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ కాపాడేది వేడి, పులుపు, గాలి చొరని మూత.

ఫ్రాన్స్‌లో నికొలా అప్పేర్ ఈ పద్ధతిని 1810లో పుస్తకంగా అచ్చు వేసి ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమతి అందుకున్నాడు. సీసాలో ఆహారం నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్ళలో ఉంచడం, అంతే. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ తేల్చింది ఆ తర్వాత యాభై ఏళ్ళకి. అప్పటికి ఎందుకు పనిచేస్తుందో తెలియకపోయినా పనిచేసింది.

ప్రాణానికి ముప్పు తెచ్చే బొటులినం అనే బ్యాక్టీరియా పిహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే పుల్లగా ఉన్నచోట పెరగదు. స్ట్రాబెర్రీ, ఆపిల్, నారింజ లాంటి పళ్ళు చాలావరకు అంతకంటే పుల్లనివే. కాబట్టి ఎర్రపళ్ళబుట్ట గారూ, మీ జామ్‌లో అసలు లోపం పంచదార తక్కువ కావడం కాదు. సీసాలని మరిగే నీళ్ళలో ఉంచకపోవడం. వేడి జామ్ పోసి, అంచు తుడిచి, మూత పెట్టి, సీసా మునిగేలా నీళ్ళు పోసి పది నిమిషాలు మరగనిస్తే ఆ బూజు వచ్చేది కాదు. ఎత్తైన చోట ఉంటే ఇంకో ఐదు నిమిషాలు. మీ ఆయన మాటలోనూ నిజముంది, తప్పు సీసా దగ్గరే జరిగింది.

ఒక హెచ్చరిక. అరటి, అంజీర, బాగా పండిన బొప్పాయి, పుచ్చ, వీటిలో పులుపు చాలదు. వీటితో పంచదార తగ్గించి అలమరలో పెట్టే ప్రయోగం వద్దు. నిమ్మరసం కలిపే, పరీక్షించిన కొలతలుంటేనే చేయండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

గరిటె:
మూత తెరవనంతకాలం మీరు చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ జామ్ సీసాని ఎవరూ ఒక్కపూటలో ఖాళీ చేయరు కదా. మూత తెరిచి, చెంచా పెట్టిన క్షణం నుంచి మీ వేడి, మీ మూత, రెండూ పోయినట్టే. బూజుకి పులుపు ఒక లెక్క కాదు, నిమ్మకాయ మీద కూడా పడుతుంది. అక్కడి నుంచి కాపాడేది పంచదార ఒక్కటే. నిండు పంచదార జామ్ తెరిచాక ఫ్రిజ్‌లో నెలలు ఉంటుంది. సగం పంచదారది వారాలు. నేను చూసింది ఇదే, ఇన్నేళ్ళుగా.

మెల్లమంట:
ఇద్దరూ మంచి మాటలే చెప్తున్నారు. కానీ ఇద్దరూ వదిలేసినది ఒకటుంది. సగం పంచదార వేస్తే తీపి సగం అవుతుందని అందరం అనుకుంటున్నాం. కాదు. దయచేసి ఈ లెక్క ఒక్కసారి చూడండి, నాకు ఇది తెలిసిన రోజు నుంచి జామ్ చేసే తీరే మారిపోయింది.

కిలో స్ట్రాబెర్రీలో దాదాపు 90 గ్రాములు కరిగిన పదార్థం అనుకుందాం, మిగతాది ఎక్కువగా నీళ్ళే. దానికి కిలో పంచదార కలిపితే గిన్నెలో 2 కిలోలు, అందులో 1,090 గ్రాములు ఘనం. 65 శాతానికి రావాలంటే గిన్నెలో దాదాపు 1,680 గ్రాములు మిగలాలి. అంటే 320 గ్రాముల నీళ్ళు ఆవిరైతే చాలు.

ఇప్పుడు అరకిలో పంచదార. గిన్నెలో కిలోన్నర, ఘనం 590 గ్రాములు. అదే 65 శాతానికి రావాలంటే మిగిలేది 910 గ్రాములే. దాదాపు 590 గ్రాముల నీళ్ళు పోవాలి. మంట మీద ఎంతసేపు ఉండాలో ఊహించండి. అంతసేపు మరిగితే స్ట్రాబెర్రీ వాసన పోతుంది, రంగు గోధుమరంగులోకి తిరుగుతుంది, పెక్టిన్ కూడా తెగిపోతుంది. ఇంత చేసి మిగిలిన జామ్‌లో, వంద గ్రాములకి మనం వేసిన పంచదార 55 గ్రాములు. మొదటిదాంట్లో 60. అంత కష్టానికి ఐదు గ్రాముల తేడా!

అంటే చెంచా జామ్‌లో తీపి ఎంత అన్నది మనం గిన్నెలో ఎంత పోశామన్నదాని మీద కాదు, ఎక్కడ దించామన్నదాని మీద ఆధారపడుతుంది. ఎర్రపళ్ళబుట్ట గారి జామ్ తక్కువ తీపిగా ఉంది అంటే నీళ్ళు ఎక్కువగా ఉన్నప్పుడే దించారని అర్థం. ఆవిడ చేసింది తప్పని కాదు. ఆ రుచి కావాలంటే నీళ్ళతో పాటే కావాలి, నీళ్ళుంటే ఫ్రిజ్ కావాలి. అందుకే ముందు ఎక్కడ దాచుకుంటామో అనుకుని, తర్వాత పంచదార తూచుకుంటే ఈ గొడవే ఉండదు.

కొత్తసీసా:
మా నాన్నగారికి షుగర్. ఈ చర్చ నాకు చాలా అవసరం. మామూలు జామ్ ఆయనకి పెట్టలేను, పెట్టకపోతే ఆయన మొహం చూడలేను. పంచదార బదులు తీపి మాత్రల పొడి వేస్తే?

నిమ్మచెక్క:
కొత్తసీసా గారూ, ఆ పొడి తీపినిస్తుంది కానీ నీళ్ళని పట్టుకోదు. మామూలు పెక్టిన్‌తో గడ్డ కట్టదు. మీకు కావాల్సింది తక్కువ మెథాక్సిల్ పెక్టిన్. ఇది పంచదార మీద కాకుండా కాల్షియం మీద ఆధారపడి గడ్డకడుతుంది. కొన్ని రకాల్లో పొట్లంతో పాటే కాల్షియం పొడి కూడా వస్తుంది. పంచదార చాలా తక్కువైనా, అసలు లేకపోయినా పట్టుకుంటుంది. దాని మీద రాసిన కొలత తప్పవద్దు, కాల్షియం ఎక్కువైతే గట్టిపడి నీరు వదిలేస్తుంది. చిన్న సీసాల్లో పెట్టండి, తెరిచింది తొందరగా అయిపోవాలి. పండులో సొంత చక్కెర ఎలాగూ ఉంటుంది కాబట్టి నాన్నగారు ఎంత తినొచ్చో డాక్టర్‌ని ఒకమాట అడగండి.

గరిటె:
దీనికి నాకు అభ్యంతరం లేదు. ఆరోగ్యం కోసం చేసేది వేరు. కానీ ఆ జామ్ నోట్లో వేసుకుంటే జెల్లీ ముక్కలా తెగుతుంది, రొట్టె మీద సాగదు. నిండు పంచదార జామ్‌కి ఉండే మెరుపు రాదు. నచ్చినవాళ్ళు చేసుకోవచ్చు.

మెల్లమంట:
బూజు తీసి తినడం గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. వద్దు. పైన కనిపించేది కొసలే, దాని పోగులు కంటికి కనిపించకుండా లోపలికి దిగి ఉంటాయి. కొన్ని బూజులు విషాలు వదులుతాయి. ఆపిల్ కుళ్ళులో పుట్టే ప్యాట్యులిన్ ఉడికించినా పూర్తిగా పోదు. పైగా బూజు పులుపుని తినేస్తుంది. నిమ్మచెక్క గారు చెప్పిన 4.6 కాపలా అక్కడే బలహీనపడుతుంది. ఎర్రపళ్ళబుట్ట గారూ, పారేసి మంచి పని చేశారు. ఒక సీసా పోతే పోయింది.

సీసాని తలకిందులు చేసి పెడితే చాలు అనే మాట కూడా చాలాచోట్ల వింటాను. మూత అతుక్కోవచ్చు, కానీ మరిగే నీళ్ళలో పది నిమిషాలకి అది సాటి రాదు.

ఎర్రపళ్ళబుట్ట:
పది రోజులయింది. మీరు ఇంత ఓపికగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. ఈసారి రెండు రకాలుగా చేశాను.

మొదటిది అలమర కోసం. కిలో పండు, కిలో పంచదార, రెండు నిమ్మకాయల రసం. రాత్రే పండులో పంచదార కలిపి ఉంచితే తెల్లారేసరికి గిన్నె నిండా ఎర్రటి రసం. వెడల్పు గిన్నెలో పెద్ద మంట మీద మరిగించాను. మొదట నురగ అంచుదాకా పొంగింది. తర్వాత పొంగు తగ్గి, బుడగలు పెద్దవై, నెమ్మదిగా 'బుడుక్ బుడుక్' మంటూ పగలడం మొదలైంది. థర్మామీటర్ లేదు. ఫ్రీజర్‌లో పెట్టిన పళ్ళెం మీద అర చెంచా వేసి, ఈలోగా మంట ఆపి, ఒక నిమిషం తర్వాత వేలితో నెట్టి చూశాను. మొదటిసారి నీళ్ళలా జారిపోయింది. రెండోసారి వేలి ముందు సన్నగా ముడతపడింది! దించేశాను. సీసాలు పది నిమిషాలు మరిగించాను. చల్లారుతుంటే మూతలు ఒక్కొక్కటే 'టక్' మని లోపలికి లాక్కున్నాయి. మా అత్తగారు ఆ చప్పుడు లెక్కపెట్టారు. నాలుగు సీసాలు, నాలుగు చప్పుళ్ళు.

రెండోది సగం పంచదారతో, నాకు నచ్చిన ఆ పండు రుచి కోసం. తురిమిన పచ్చి ఆపిల్ ఒకటి వేశాను, దాంట్లో పెక్టిన్ ఎక్కువ కదా. కాస్త పల్చగానే ఉంది, ఫ్రిజ్‌లో పెట్టాను. మా ఆయన దీన్నే తింటున్నారు, అత్తగారు మొదటిదాన్ని.

గరిటె:
మొదటిది జామ్. రెండోదాని మీద నా మాట మారలేదు. కానీ పచ్చి ఆపిల్ వేయడం మంచి ఆలోచన, కాస్త పచ్చిగా ఉన్న పళ్ళలోనే పెక్టిన్ బాగా పనిచేస్తుంది. ఈసారి స్ట్రాబెర్రీల్లో కూడా నాలుగోవంతు కాస్త దోరవి కలపండి. థర్మామీటర్ కొంటే మీ ఇంట్లో నీళ్ళు ఎంత దగ్గర మరుగుతాయో ముందు చూసుకుని, దానికి నాలుగు, నాలుగున్నర డిగ్రీలు కలపండి. సముద్రమట్టం దగ్గర అది 104, 105 అవుతుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. పుస్తకంలో 105 అని ఉంది కదా అని ఎత్తైన ఊళ్ళో అంతదాకా కాస్తే పాకం ముదిరి బంకలా అవుతుంది.

నిమ్మచెక్క:
గరిటె గారూ, మీరు జామ్ అనండి, అనకపోండి, ఆ రెండో సీసాకి నా ఓటు. ఎర్రపళ్ళబుట్ట గారూ, దాని మీద తేదీ రాశారా?

ఎర్రపళ్ళబుట్ట:
లేదండీ, ఇప్పుడే రాసి అతికించాను. ఎన్నాళ్ళు పెట్టుకోవచ్చు?

నిమ్మచెక్క:
మూడు వారాల్లో అవగొట్టండి. ఎక్కువ మిగిలేలా ఉంటే ఇప్పుడే సగం తీసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. సీసా నిండుగా పోయకండి, గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది. ప్రతిసారీ పొడి చెంచానే వాడండి.