పాలు మాన్పించిన పందిపిల్లల దాణాలో మైలుతుత్తం వేయొచ్చా?

యార్క్‌షైర్ రైతు: నావి యార్క్‌షైర్ జాతి పందులు. పిల్లలకి 28 రోజులకి పాలు మాన్పిస్తాను. వారం తిరక్కుండానే పారుడు పట్టుకుని పోయిన ఈతల్లో 7 పిల్లలు చనిపోయాయి. టన్ను దాణాకి కిలో మైలుతుత్తం కలిపాక పారుడు తగ్గింది, మేత కూడా బాగా తింటున్నాయి. వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

పశువైద్య విద్యార్థి: మైలుతుత్తంలో రాగి పావు వంతు. టన్నుకి కిలో వేస్తే కిలో దాణాలో 250 మిల్లీగ్రాములు పడుతుంది. పిల్ల ఒంటికి కావాల్సింది 6 మిల్లీగ్రాములే. మిగతాది పేగులో క్రిముల్ని అణచడానికే. పనిచేయదని అనను. కానీ ఐరోపాలో 2018 నుంచి ఉన్న నియమం ప్రకారం కిలో దాణాలో రాగి, పాలు మాన్పించాక 4 వారాల దాకా 150 మిల్లీగ్రాములు, తర్వాత 4 వారాలు 100, ఆపైన 25 మించకూడదు. డెన్మార్క్ పందుల పేగుల్లోని ఎంటరోకాకస్ క్రిముల్లో రాగిని తట్టుకునే జన్యువూ, యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువూ ఒకే ప్లాస్మిడ్ (క్రిములు ఒకదానికొకటి ఇచ్చుకునే చిన్న డీఎన్‌ఏ ముక్క) మీద దొరికాయి. రాగితో మొదటిదాన్ని పోషిస్తే రెండోదీ పెరుగుతుంది.

యార్క్‌షైర్ రైతు: 250 వేస్తే నా పిల్లలు బతికాయా లేదా? అది చెప్పండి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని మన దేశంలో 2019లో ఆపేశారు, ఒప్పుకున్నాం. ఇప్పుడు రాగీ వద్దంటే పిల్లల్ని గుంటలో పూడ్చుకోవాలా?

కొత్త సభ్యుడు: పెంట నల్లగా వస్తోంది, పరవాలేదా?

పశువైద్య విద్యార్థి: రాగి వేస్తే నల్లగానే వస్తుంది.

గొర్రెల కాపరి: ఆ నల్ల పెంటే నా కొంప ముంచింది. అది ఎరువుగా వేసిన గడ్డిలో మంద మేసింది. కళ్లు పచ్చబడి, మూత్రం ఎర్రగా పోసి 4 గొర్రెలు పడిపోయాయి. కోసి చూసిన డాక్టరు కాలేయంలో రాగి పేరుకుందన్నారు.

యార్క్‌షైర్ రైతు: ఇక్కడ మాట్లాడేది పంది పేగు గురించి. మీ గొర్రెలు పోతే నన్నెందుకు అంటారు?

గొర్రెల కాపరి: పంది తట్టుకుంటుంది, గొర్రె తట్టుకోలేదు. మీరు వేసిన రాగిలో ఎక్కువ భాగం పెంటలోనే దిగుతుంది. ఆ పెంట ఎవరి చేలోకి పోతోంది, చెప్పండి.

యార్క్‌షైర్ రైతు: ట్రాక్టరు లోడు లెక్కన అమ్ముతాను. రాగి ఉందని ఎవరికీ చెప్పలేదు. చెబితే కొనరు. పందులు పెంచుతున్నానని ఊళ్లో నా గడప తొక్కేవాళ్లే లేరు, ఉన్న ఆ నాలుగు డబ్బులూ పోగొట్టుకోమంటారా?

పశువైద్య విద్యార్థి: అర కిలోకి తగ్గించి 4 వారాలకి ఆపేయండి. 35 రోజులకి పాలు మాన్పించినా పారుడు తగ్గుతుంది.

యార్క్‌షైర్ రైతు: 35 రోజులైతే తల్లి చిక్కిపోతుంది, మార్చను. అర కిలో వేసి చూస్తాను. లోడు ఇచ్చేముందు గొర్రెలున్నాయా అని అడుగుతాను.

గొర్రెల కాపరి: అడిగితే చాలదు. రాగి నేలలోనే ఉండిపోతుంది, కొన్నాయన రెండేళ్లకి గొర్రెలు తెచ్చుకోవచ్చు. రాగి వేసిన పెంట అని చెప్పి అమ్మండి.