ఆర్ఎ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చినా కీళ్లవాతమే అంటున్నారు, ఎలా?

ప్రశ్న:
మా అమ్మకి 54 ఏళ్లు. మూడు నెలల నుంచి చేతివేళ్లు నొప్పి, పొద్దున లేవగానే పిడికిలి పట్టదు, గుండీలు కూడా నేనే పెడుతున్నా, గంటన్నర దాటితే గానీ వదులవ్వవు, మధ్యాహ్నానికి మామూలుగా అయిపోతాయి. ఆర్ఎ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ (కీళ్లవాతానికి చేసే రక్తపరీక్షలు) రెండూ నెగటివ్, సీఆర్‌పీ (ఒంట్లో వాపుని చూపే టెస్ట్) మాత్రం 22, ఎక్కువే. డాక్టర్ గారేమో కీళ్లవాతమే (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, ఆర్ఎ) అని మెథోట్రెక్సేట్ రాశారు. రిపోర్టులో లేని జబ్బుకి అంత పెద్ద మందెందుకండీ? మా పిన్నయితే అదంతా వయసుతో వచ్చే కీళ్ల అరుగుదలే అంటోంది.

జవాబు 1:
అరుగుదలైతే పొద్దుటి బిగుతు మహా అయితే అరగంట, పైగా పని చేసేకొద్దీ సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. మీ అమ్మగారిది దానికి రివర్స్ కదా. నాకూ రెండు టెస్టులూ నెగటివే, అయినా ఆర్ఎనే. అసలు ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చినా జబ్బున్నట్టు కాదు, పెద్ద వయసు వాళ్లకీ హెపటైటిస్ సి ఉన్నవాళ్లకీ కూడా వస్తుంటుంది.

జవాబు 2 (ఫిజియోథెరపిస్ట్‌ని):
నొప్పి ఏ కణుపుల్లో అండీ? ఆర్ఎ మామూలుగా గోరు పక్క కణుపుని వదిలేస్తుంది. ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్ (చర్మం మీద పొలుసులు లేచే జబ్బు) ఉందా? గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలున్నాయేమో వెలుతుర్లో చూడండి, కాలివేళ్లు కూడా.

ప్రశ్న అడిగినవారు:
గోరు పక్కవే ఎక్కువ నొప్పండీ! నెయిల్ పాలిష్ చెరిపి చూస్తే ఎడమ చేతి రెండు గోళ్లకి గుంటలున్నాయి. కుడికాలి నాలుగో వేలు మొదలు నుంచి చివరిదాకా ఉబ్బి ఎర్రగా ఉంది, చెప్పు కరిచిందనుకుందట ఇన్నాళ్లూ. మా తాతయ్యకి మోచేతుల మీద పొలుసులు ఉండేవట, గజ్జి అనుకున్నారు.

జవాబు 2:
సోరియాటిక్ ఆర్థ్రైటిస్ (సోరియాసిస్‌కి సంబంధించిన కీళ్లవాతం) అయ్యుండొచ్చు, అందులో ఆ రెండు టెస్టులూ చాలావరకు నెగటివే వస్తాయి. తేల్చాల్సింది రుమటాలజిస్టే (కీళ్లవాతం డాక్టర్), ఫొటోలు తీసి తాతగారి సంగతితో సహా చెప్పండి. మెథోట్రెక్సేట్ దీనికీ వాడతారు. మధ్యలో ఎవరైనా స్టెరాయిడ్ మాత్రలిస్తే జాగ్రత్త, అవి టక్కున ఆపితే సోరియాసిస్ ఒక్కసారిగా ఎగదన్నొచ్చు.

జవాబు 1:
ఇంకోటి, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే!! రోజూ మాత్ర అనుకుని మింగితే నోరంతా పుండ్లు, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. నేనైతే క్యాలెండర్లో ఆ రోజుకి సున్నా చుట్టి, వేసుకున్నాక కొట్టేస్తా. ముందు లివర్, కిడ్నీ, రక్తకణాల టెస్టులు చేయిస్తారు, తోడుగా ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. గుణం కనపడ్డానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, రెండు వారాలకే లాభం లేదని ఆపేయకండి (నేను ఆపేశా, మళ్లీ మొదటికొచ్చింది).

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ ఇద్దరికీ. మంగళవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. డాక్టర్ చూసేదాకా గోళ్లకి రంగెయ్యకమ్మా అంటే మాత్రం వినట్లేదు.