చుట్టిన స్టేటర్ (మోటారులో కదలని భాగం) కాయిళ్ళ ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడడానికి ఏ మీటర్ తీసుకోవాలి?

ఉండి_వైండింగ్:
అందరికీ నమస్కారమండి. షాపుకి వచ్చేవి ఎక్కువగా రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు. 2 హెచ్‌పీ, త్రీ ఫేజ్, 415 వోల్టులు. మధ్యలో 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్స్, అప్పుడప్పుడు 20 హెచ్‌పీ పంపు మోటార్లు కూడా వస్తాయి. వైండింగ్ అయ్యాక, వార్నిష్ పోసే ముందే మూడు ఫేజుల ఓమ్స్ సరిచూసుకోవాలి. మామూలు డిజిటల్ మల్టీమీటర్ 200 ఓమ్ రేంజిలో అదే ఫేజుకి ఒకసారి 5.2, ఇంకోసారి 5.5 చూపిస్తోంది. 20 హెచ్‌పీ మోటారుకైతే ఆ అంకెకి అర్థమే లేదు. నాలుగు వైర్లతో బ్యాటరీ ఇంటర్నల్ రెసిస్టెన్స్ చూసే మీటర్ చవగ్గా దొరుకుతోంది, అది సరిపోతుందా? లేక ఓములో వెయ్యో వంతు దాకా చూపించే మిల్లీఓమ్ మీటరే కొనాలా? లోపల చుట్లు షార్టయితే కూడా దాంతోనే తెలుస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

భీమవరం_టెస్ట్‌బెంచ్:
బ్యాటరీ మీటర్ వద్దండి. అది 1 కిలోహెర్ట్జ్ ఏసీతో కొలుస్తుంది. బ్యాటరీకి అది బాగానే ఉంటుంది. ఇనప కోరు మీద చుట్టిన కాయిలుకి ఆ ఫ్రీక్వెన్సీలో ఇండక్టెన్సూ, కోరులో పోయే నష్టమూ కలిసిపోతాయి. వచ్చే అంకె రాగి తీగ రెసిస్టెన్స్ కాదు. పైకి చూడడానికి బ్యాటరీ మీటరూ, మిల్లీఓమ్ మీటరూ ఒకేలా ఉంటాయి, క్లిప్పులూ అవే, అందుకే చాలామంది పొరబడుతున్నారు. బాక్సు మీద డీసీ అని ఉంటేనే తీసుకోండి.

మల్టీమీటర్ ఎందుకు తేడా చూపిస్తుందంటే రెండు కారణాలు. ఒకటి, ప్రోబు వైర్లకీ, వాటి మొనల దగ్గర కాంటాక్టుకీ కలిపి 0.2 నుంచి 0.5 ఓమ్ దాకా ఉంటుంది, నొక్కే బలాన్ని బట్టి మారుతుంది కూడా. రెండోది, మామూలు మీటర్ల 200 ఓమ్ రేంజికి సాధారణంగా ప్లస్ ఆర్ మైనస్ 0.8 శాతం, దాని మీద 5 డిజిట్లు అని రాసి ఉంటుంది. ఆ 5 డిజిట్లు అంటేనే 0.5 ఓమ్. అంటే 5 ఓమ్ ఫేజు మీద పది శాతం పైనే. మీరు పట్టుకోవాల్సిన తేడా రెండు మూడు శాతం, ఇక ఎలా దొరుకుతుంది?

ఫోర్ వైర్ పద్ధతిలో రెండు వైర్లు కరెంటు పంపుతాయి, మిగతా రెండూ కాయిలు చివర్ల దగ్గర వోల్టేజి మాత్రమే చదువుతాయి. ఆ రెండింటిలో కరెంటు దాదాపు ఉండదు కాబట్టి వైరు పొడుగు లెక్కలోకి రాదు.

మీ పనికి చూడాల్సినవి: 20 ఓమ్ రేంజిలో 1 మిల్లీఓమ్ దాకా, 2 ఓమ్ రేంజిలో 0.1 మిల్లీఓమ్ దాకా చూపించాలి. కొలతలో తప్పు 0.5 శాతం లోపు ఉండాలి. క్లిప్పులు లగ్గుని పట్టేంత వెడల్పుగా తెరుచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆటో రేంజి ఆపి రేంజిని చేత్తో పెట్టుకునే వీలుండాలి. కాయిల్లో కరెంటు మెల్లగా ఎక్కుతుంది. ఆటో రేంజి మీటర్ ఆ లోపే రేంజి మార్చేసి, మళ్ళీ మొదలుపెట్టి, అలా ఊగుతూనే ఉంటుంది. 20 హెచ్‌పీ దగ్గర ఇది బాగా తెలుస్తుంది. కొనేముందు ఒక మోటారు పట్టుకెళ్ళి దాని మీద పెట్టి చూడండి. రెసిస్టర్ మీద సరిగా చూపించడం లెక్కలోకి రాదు.

ఇంకొకటి. 1 ఆంపు పంపే మీటర్ అయితే, టెస్ట్ ఆపి కరెంటు దిగాకే క్లిప్పు తీయాలి. నడుస్తుండగా లాగితే కాయిలు వెనక్కి కొడుతుంది. చేతికి షాకూ తగులుతుంది, మీటర్ ఇన్‌పుటూ పోవచ్చు.

ఆకివీడు_స్టేటర్:
మీటర్ వచ్చేదాకా ఆగక్కర్లేదండి. మూడు ఫేజులు సమానమా కాదా అన్నదే కావాలంటే ఉన్న మల్టీమీటరే చాలు. మూడు ఫేజుల ఆరు చివర్లూ విడిగా ఉన్నప్పుడు వాటిని సిరీస్‌లో కలపండి. 12 వోల్టుల బ్యాటరీ, దానితో పాటు 10 ఓమ్, 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి సిరీస్‌లో పెట్టండి. 2 హెచ్‌పీకి ఫేజుకి 5 ఓమ్ అనుకుంటే మొత్తం 25 ఓమ్, కరెంటు దాదాపు 0.5 ఆంపు. ఇప్పుడు మల్టీమీటర్ని డీసీ వోల్టుల్లో పెట్టి ఒక్కో ఫేజు మీదా చూడండి, 2.5 వోల్టుల దగ్గర వస్తుంది. మూడింట్లోనూ వెళ్ళేది ఒకే కరెంటు. అందుకని వోల్టుల్లో ఎంత తేడా ఉంటే ఓముల్లోనూ అంతే. మీటర్ తప్పు చూపించినా మూడింటికీ ఒకేలా చూపిస్తుంది, తేడాల్లో అది కొట్టుకుపోతుంది.

రేంజి మధ్యలో మార్చకండి. ప్రోబు మొన కరెంటు క్లిప్పుకి తగలకూడదు. దానికి లోపలగా, గీకి టిన్నింగ్ చేసిన రాగి మీదే పెట్టాలి. ఎనామిల్ సగం గీకిన చోట పెట్టడం వల్లే ఎక్కువ తప్పుడు రీడింగులు వస్తాయి. మూడో ఫేజు చూశాక మొదటిది మళ్ళీ చూడండి. మారితే బ్యాటరీ దిగుతోందనో, కాయిలు వేడెక్కుతోందనో అర్థం. కరెంటు ఫుల్ లోడులో 15 శాతం దాటకుండా, నిమిషంలో పని ముగించండి. 20 హెచ్‌పీకి కరెంటు 1 ఆంపు దాటిపోతుంది కాబట్టి రెసిస్టర్ వేడెక్కుతుంది, చెక్క బల్ల మీద పెట్టకండి.

ఉండి_వైండింగ్:
ఇది ఈరోజే చేయొచ్చు, థాంక్సండి. అయితే కొన్ని ఏరేటర్లకి స్టార్ (మూడు ఫేజుల ఒక్కో చివరా కలిపిన ముడి) లోపలే కట్టేసి మూడు లీడ్లే బయటికి వస్తాయి. అప్పుడెలా? ఎంత తేడా దాకా ఒప్పుకోవచ్చు?

ఆకివీడు_స్టేటర్:
స్టార్ ముడి కట్టకముందే చూసేయడం మంచిది. కట్టేశాక లీడు నుంచి లీడుకి చూస్తే రెండు ఫేజులు కలిసి వస్తాయి, 5 ఓమ్ అయితే 10. డెల్టా (మూడు ఫేజులూ త్రికోణంలా కలిపితే) అయితే 3.33. ఎటు చూసినా తేడా సగమే కనిపిస్తుంది. ఒక ఫేజు 4 శాతం తక్కువుంటే లీడ్ల దగ్గర 2 శాతంగా కనిపిస్తుంది. అందుకే లీడ్ల దగ్గర 1 శాతం దాటగానే అనుమానించాలి. విడి ఫేజుల్లో 2 శాతం దాకా చేతి పనిలో మామూలే, కాయిలు చుట్టే అచ్చు కొంచెం పెద్దదైనా అంత వస్తుంది. 3 దాటితే వార్నిష్ పోయకండి. చుట్ల లెక్క, జాయింట్లు, తీగ గేజి, ఈ వరసలో వెతకండి.

గేజి మారితే దాచినా దాగదు. ఎస్‌డబ్ల్యూజీ 22 బదులు 23 పడితే ఓమ్స్ 36 శాతం పెరుగుతాయి. రాగి రంగు ఎనామిల్ వేసిన అల్యూమినియం తీగయితే అదే గేజికి దాదాపు 64 శాతం ఎక్కువ.

భీమవరం_టెస్ట్‌బెంచ్:
పాత రికార్డుతో పోల్చేటప్పుడు వేడి మర్చిపోకండి. 28 డిగ్రీల దగ్గర రాసిన అంకెని 43 డిగ్రీల రేకుల షెడ్డులో చూస్తే 5.7 శాతం ఎక్కువ వస్తుంది. రాగికి లెక్క ఇదీ: కొత్త వేడికి 235 కలిపి, పాత వేడికి 235 కలిపిన దాంతో భాగించి, పాత ఓమ్స్‌ని దాంతో హెచ్చించాలి. ఎండలో నుంచి తెచ్చిన మోటారు లోపలిదాకా చల్లబడేసరికి గంటలు పడుతుంది.

కాళ్ళ_ఏరేటర్స్:
చుట్లు షార్టయిన సంగతి ఏ ఓమ్ మీటరూ చెప్పదండి. ఫేజులో 400 చుట్లుంటే ఒక చుట్టు పోతే తగ్గేది 0.25 శాతం. అచ్చు తేడాలోనే అది కలిసిపోతుంది. దానికి రోటర్ (లోపల తిరిగే భాగం) తీసేసి, ఇండక్టెన్సు కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ 1 కిలోహెర్ట్జ్ మీద పెట్టి మూడు ఫేజుల ఇండక్టెన్సు, క్యూ విలువా (కాయిలులో నష్టం పెరిగితే ఇది తగ్గుతుంది) పోల్చండి. షార్టయిన దాని క్యూ పడిపోతుంది. 100 హెర్ట్జ్‌లో చూస్తే తేడా కనిపించకపోవచ్చు. ఎల్‌సీఆర్ లేకపోతే గ్రోలర్ (కాయిళ్ళలో కరెంటు పుట్టించే ఏసీ విద్యుదయస్కాంతం) పెట్టి, పక్క స్లాట్ల మీద హాక్సా బ్లేడు ఆనించి చూడండి, షార్టయిన కాయిలు స్లాటు మీద బ్లేడు గజగజలాడుతుంది. డెల్టా కలిపి ఉంటే మాత్రం మంచి కాయిలు కూడా షార్టులా కనిపిస్తుంది, ముందు విప్పండి.

మనవైపు అసలు బాధ ఓమ్స్ కాదు, ఉప్పు. ఉప్పునీళ్ళ చెరువులో మునిగిన మోటారుని నేరుగా ఆరబెట్టేస్తే మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ చూసే మీటర్) బాగానే చూపిస్తుంది. వానాకాలం గాలి తగలగానే స్లాట్లలో మిగిలిన ఉప్పు తేమ పీల్చి మళ్ళీ పడిపోతుంది. ముందు మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడగాలి, తర్వాతే 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. స్టార్టర్ వైర్లు విప్పి 500 వోల్టుల మెగ్గర్‌తో బాడీకీ, చివర్లు విడిగా ఉంటే ఫేజుకీ ఫేజుకీ మధ్య కూడా ఒక నిమిషం చూడండి. 40 డిగ్రీల దగ్గర 5 మెగా ఓముల కంటే తగ్గకూడదు. వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ విలువ సగమవుతుంది కాబట్టి 30 డిగ్రీల దగ్గర 10 ఉండాలి. ఒక రాత్రి బయట పెట్టి పొద్దున్న మళ్ళీ చూసి, అప్పటికీ నిలబడితేనే రైతుకి ఇవ్వండి. డబ్బులు చాలక మిల్లీఓమ్, మెగ్గర్ రెండింట్లో ఒకటే కొనాల్సి వస్తే మెగ్గరే కొనండి. ఫేజుల పోలికకి ఆకివీడు గారు చెప్పిన బ్యాటరీ పద్ధతి ఉంది.