టరెట్ లేని స్టుగ్ కదిలాక పక్కకి తిరిగి కాల్చొచ్చా? (బోల్ట్ యాక్షన్, రెండో ఎడిషన్)

దర్జీటేపు:

నమస్తే అందరికీ. నేనూ మా బావా బోల్ట్ యాక్షన్ (రెండో ప్రపంచయుద్ధం బొమ్మ సైన్యాలతో టేబుల్ మీద ఆడే ఆట) మొదలుపెట్టి మూడు ఆదివారాలైంది. డైనింగ్ టేబుల్ మీద ఆకుపచ్చ దుప్పటి, దాని కింద గుట్టల కోసం పిల్లల పాత నోట్‌బుక్కులు, కొలవడానికి అక్క కుట్టుమిషన్ డ్రాయర్లోని టేపు. మా దగ్గరున్నది 2016 నాటి రెండో ఎడిషన్ పుస్తకం.

నాది జర్మన్, బావది సోవియట్. నిన్న బావ టీ-34/85 ట్యాంకు గుట్ట చాటునుంచి వచ్చి నా సైనికుల మీదకి తిరిగి నిలబడింది. నా స్టుగ్‌కి (ట్యాంకులాంటి గన్ను బండి) అది ఎడమ పక్కన పడింది. స్టుగ్‌కి టరెట్ (గన్నుతో పాటు తిరిగే పైభాగం) లేదు, గన్ను ముందుకే చూస్తుంది. అడ్వాన్స్ ఆర్డర్ (కదిలి కాల్చే ఆర్డర్) ఇచ్చి ఆరు అంగుళాలు పోనిచ్చి, చివర్లో బండిని ఎడమకి తిప్పి కాల్చాను. బావ ఒప్పుకోలేదు. టరెట్ లేని బండి కదిలితే ఆ టర్న్‌లో ఇక కాల్చకూడదట. సరే, కదలకుండా ఉన్నచోటే తిరిగి ఫైర్ ఆర్డర్‌తో కాలుస్తానన్నాను. అదీ కుదరదన్నాడు. అరగంట వాదించుకున్నాం. చివరికి అక్క వచ్చి అన్నాలు వడ్డించాలి, టేబుల్ ఖాళీ చేయమంది.

మా ఇద్దరిలో ఎవరు కరెక్ట్?

చక్రాలబండి:

చెరో సగం. మొదటిది మీరు కరెక్ట్, రెండోది బావగారు కరెక్ట్. వివరంగా పాతపాచిక గారు చెప్తారు, ఆయనకి స్టుగ్ అంటే పిచ్చి.

పాతపాచిక:

పిచ్చి కాదు బాబూ, అనుభవం. ఈ బండితో ఓడినన్ని ఆటలు ఇంక దేనితోనూ ఓడలేదు.

ముందు మీ రెండో డౌట్. ఫైర్ ఆర్డర్ అంటే బండి ఒక్క డిగ్రీ కూడా తిరగకూడదు. టరెట్ ఉన్న బండికి ఇబ్బంది లేదు, గన్ను ఎటైనా తిరుగుతుంది. స్టుగ్‌కి ముందువైపు ఆర్క్‌లో (గన్నుకి అందే కోణంలో) ఉన్నదే టార్గెట్. ఉన్నచోటే తిరగాలన్నా అడ్వాన్స్ ఆర్డరే ఇవ్వాలి. అంటే కదిలి కాల్చినట్టే లెక్క, దెబ్బ తగిలిందా అని వేసే పాచికకి మైనస్ వన్ పడుతుంది.

ఇక మొదటిది. స్టుగ్ లాంటి ట్రాక్ బండి (చక్రాల మీద గొలుసు పట్టాలతో నడిచేది) అడ్వాన్స్‌లో 9 అంగుళాల దాకా పోవచ్చు, దారిలో ఎక్కడైనా ఒక్కసారి 90 డిగ్రీల వరకు తిరగొచ్చు. మీరు ఆ ఒక్క మలుపునీ చివర్లో వాడుకున్నారు, తప్పేం లేదు. మొదట్లోనే ఓసారి తిరిగి ఉంటే మాత్రం చివర్లో మళ్లీ తిరగనిచ్చేవాళ్లు కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. చెట్టు తప్పించడానికి కాస్త తిప్పుతారు, తీరా శత్రువు ముందుకొచ్చాక గన్ను పొలాల వైపు చూస్తుంటుంది. రన్ (పరుగు) ఆర్డర్ అయితే 18 అంగుళాలు, నేరుగా పోవాలి, కాల్చడం ఉండదు. వెనక్కి పోవాలంటే అడ్వాన్స్‌లో సగం, నాలుగున్నర అంగుళాలు.

ఇప్పుడు అసలు విషయం. మైనస్ వన్ చూసి అందరూ భయపడతారు, నేనూ భయపడేవాణ్ణి. ఒకరోజు కరెంటు పోతే కొవ్వొత్తి వెలుగులో లెక్క వేశాను. స్టుగ్‌ది హెవీ యాంటీట్యాంక్ గన్, తగిలాక వేసే పాచికకి +6. టీ-34/85 డ్యామేజ్ వాల్యూ 9, ఆ మొత్తం దీన్ని దాటితేనే చీలుతుంది. లాంగ్ రేంజ్, కవర్ (చాటు), పిన్‌లు (కాల్పులకి బెదిరినందుకు పెట్టే గుర్తులు) ఏవీ లేవనుకోండి. కదలకుండా ముందువైపు కాలిస్తే 3 ఆపైన పడితే తగులుతుంది. తగిలాక 3 పడితే సరిగ్గా 9, అది పైపై దెబ్బే. 4 ఆపైన పడాలి. ఆరులో నాలుగు, ఆరులో మూడు. మొత్తం మీద మూడింట ఒక వంతు ఛాన్స్.

కదిలి పక్క నుంచి కాలిస్తే? తగలడానికి 4 కావాలి. కానీ సైడ్ ఆర్మర్‌కి ప్లస్ వన్, కాబట్టి చీల్చడానికి 3 చాలు. ఆరులో మూడు, ఆరులో నాలుగు. మళ్లీ అదే మూడింట ఒక వంతు! వెనక నుంచైతే ప్లస్ టూ, పన్నెండింట అయిదు. అంటే కదలడం వల్ల పోయిందంతా పక్క దొరికితే తిరిగొస్తుంది, వెనక దొరికితే లాభమే. నష్టమల్లా కదిలి మళ్లీ ముందువైపే కాల్చినప్పుడు, నాలుగింట ఒక వంతుకి పడిపోతారు. మీరు నిన్న కాల్చింది టీ-34 పక్క భాగం మీదే అయితే మంచి పనే చేశారు.

అయినా నన్నడిగితే స్టుగ్‌ని అంత తిప్పొద్దు. దానికి ఆంబుష్ ఆర్డర్ (పొంచి ఉండే ఆర్డర్) ఇచ్చి, రోడ్డు వైపు గన్ను పెట్టి కూర్చోబెట్టండి. బావగారి ట్యాంకు ఆర్క్‌లోకి రాగానే, అది కదులుతుండగానే ఆపి కాల్చొచ్చు. మైనస్ వన్ ఉండదు. ఆ టర్న్‌లో ఎవరూ రాకపోయినా ఆ ఆర్డర్ డైస్ (ఆర్డర్ గుర్తుగా పెట్టే పాచిక) అలాగే ఉంచి తర్వాతి టర్న్‌కి కొనసాగించొచ్చు. నిజం స్టుగ్ ఎత్తు రెండు మీటర్లకి కాస్త పైన, అంతే. పొదల చాటున దాక్కుని కాల్చడానికి దానికి మించింది లేదు. అప్పటి ట్యాంకులు కూడా ఎక్కువగా ఆగే కాల్చేవి, ఆ మైనస్ వన్ ఊరికే పెట్టింది కాదు.

చక్రాలబండి:

ఒక్క మాట. చక్రాల బండ్లకి ఇవే అంకెలు వాడొద్దు. వాటికి అడ్వాన్స్ 12, రన్ 24, మలుపులు కూడా ఎక్కువ. ఇంకోటి, 2024లో మూడో ఎడిషన్ వచ్చింది. బావగారు ఫోన్లో అది చూసి, మీరు పుస్తకంలో ఇది చూసి వాదించుకోకండి. మేం రెండు వారాలు అదే పని చేశాం.

దర్జీటేపు:

చాలా థాంక్స్ అండీ. బావకి చదివి వినిపించాను. లెక్కకి పడిపోయాడు, కాగితం మీద మళ్లీ వేసి చూసుకున్నాడు కూడా. కానీ ఇప్పుడు కొత్త పేచీ. నా స్టుగ్ వెళ్లిన ఆరు అంగుళాల్లో రెండు అంగుళాలు దుప్పటి మడత ఉందట, అది రఫ్ గ్రౌండ్ (ఎగుడుదిగుడు నేల) అట, కాబట్టి అసలు వెళ్లకూడదట.

పాతపాచిక:

రఫ్ గ్రౌండే అనుకున్నా ట్రాక్ బండి అడ్వాన్స్‌లో పోవచ్చు, రన్‌లో పోకూడదంతే. ఈసారి దుప్పటి ఇస్త్రీ చేసి పరచండి.