భోగాపురం తెరిచాక వైజాగ్ పాత ఎయిర్‌పోర్టు మూసేయాలా?

గాజువాక బావ:
విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టు మొదలైతే వైజాగ్ ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరున్న పాత ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల విమానాలు ఆపేస్తారట. ఎందుకండీ? 1981లో రోజుకొక్క విమానంతో మొదలైంది. 2007లో 3,050 మీటర్ల కొత్త రన్‌వే, 2009లో కొత్త టెర్మినల్ వచ్చాయి. 2014 హుద్‌హుద్ తుపానుకి పైకప్పు లేచిపోతే బాగుచేసుకున్నాం. ఇదంతా తాళం వేయడానికా? గోవా చూడండి. 2023 జనవరిలో మోపాలో కొత్త ఎయిర్‌పోర్టు మొదలైనా పాత దబోలిం నడుస్తూనే ఉంది. అదీ నేవీదే.

రన్‌వే 28:
మన ఎయిర్‌పోర్టు అనకండి, అది నేవీ వైమానిక స్థావరం, ఐఎన్‌ఎస్ డేగా. రన్‌వే నేవీది, టెర్మినల్ మాత్రమే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. నేవీ శిక్షణ వేళల్లో మనకు స్లాట్లు, అంటే విమానాలు దిగడానికి, ఎగరడానికి టైములు, దొరకవు. కొత్త సర్వీసు అడిగినప్పుడల్లా ఇదే అడ్డం. 2008 మార్చిలో శంషాబాద్ తెరవగానే బేగంపేట మూశారు. అదే ఏడాది మేలో బెంగళూరు పాత హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టుదీ అదే కథ. పక్కనే పోటీ ఉంటే వేల కోట్లు ఎవడు పెడతాడు?

గాజువాక బావ:
మోపా కట్టింది జీఎంఆర్ కంపెనీ. భోగాపురం కడుతున్నదీ జీఎంఆరే. అక్కడ పెట్టారుగా? దానికి జవాబు చెప్పండి ముందు.

రన్‌వే 28:
గోవాకొచ్చే టూరిస్టులూ మనకొచ్చేవాళ్లూ ఒకటేనా? స్లాట్ల గురించి అడిగాను, దానికి మీ జవాబేది?

రత్నాచల్ ప్యాసింజర్:
మీరు కొట్టుకోండి. నాకు రైలుంది.

స్టీల్‌ప్లాంట్ అక్క:
మా నాన్నను హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన రోజు తెల్లవారుజామున బుక్ చేసిన క్యాబ్ రాలేదు. వీధి చివర ఆటో పట్టుకుని టైముకి చేరాం. అదే భోగాపురమైతే ఆ వేళకి ఏ ఆటోవాడు వస్తాడు? స్లాట్లు, పోటీ అని మీరు లెక్కలు చెబుతున్నారు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్ల టెన్షన్ మీకేం తెలుసు.

రన్‌వే 28:
అనకాపల్లి–ఆనందపురం ఆరు వరుసల రోడ్డు ఉందికదండీ.

గాజువాక బావ:
అదెక్కాలంటే ముందు సబ్బవరం వైపు వెళ్లాలి. ఊళ్లోంచి వెళ్తే మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ. ఎటెళ్లినా మాకు 60 కిలోమీటర్లు.

సిక్కోలు మావయ్య:
అరవైకే ఇంత గోలా? శ్రీకాకుళం నుంచి మేం వంద దాటి వస్తున్నాం. మా బావమరిది హనుమంతవాక ట్రాఫిక్‌లో ఇరుక్కుని హైదరాబాద్ ఫ్లైటు పోగొట్టుకున్నాడు, దాంతో దుబాయ్ టికెట్టూ పోయింది. అప్పుడు మీలో ఒక్కడైనా దూరం గురించి మాట్లాడాడా? ఇలాంటి చర్చ ఒక్కటైనా పెట్టారా?

గాజువాక బావ:
జనం ఎక్కడుంటే ఎయిర్‌పోర్టు అక్కడుండాలి. విమానం ఎక్కేవాళ్లలో ఎక్కువమంది సిటీవాళ్లే. ఎక్కడో పల్లెటూళ్లో కట్టి ఊరంతటినీ అక్కడికి రమ్మంటే ఎలా?

సిక్కోలు మావయ్య:
ఇప్పుడు బయటపడింది అసలు మాట. రాష్ట్రంలో ఏదొచ్చినా వైజాగ్‌కే రావాలి. విజయనగరం, శ్రీకాకుళం మీకు కూలీలను పంపడానికే ఉన్నాయి.

మోడరేటర్:
ప్రాంతాల మీద మాటలొద్దు. విషయానికి రండి.

పొలం పోయినోడు:
విషయం అదేనండీ. మీరంటున్న ఆ పల్లెటూళ్లు ఇప్పుడు లేవు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ చేయించారు. 2015లో ముందు 15 వేల ఎకరాలన్నారు, జనం రోడ్డెక్కితే తగ్గించారు. శంకుస్థాపనలు మాత్రం రెండు: 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు గారు, 2023 మేలో జగన్ గారు. మా జీడితోట పోయింది. ఇచ్చిన డబ్బు అన్నదమ్ముల వాటాల్లో, కోర్టు ఖర్చుల్లో కరిగిపోయింది. ఉత్తరాంధ్రకంతా ఇదే పెద్ద ఎయిర్‌పోర్టు అవుతుందని చెప్పి తీసుకున్నారు. ఇప్పుడు సగం విమానాలు పాతదాంట్లోనే దిగుతాయంటే, మమ్మల్ని లేపింది ఎందుకు?

గాజువాక బావ:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ పరిహారం ఇవ్వాల్సింది ప్రభుత్వం. నా టాక్సీ బిల్లుతో తీర్చమంటే ఎలాగండీ? మోపాలో కుదిరింది ఇక్కడెందుకు కుదరదో ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.

పొలం పోయినోడు:
పరిహారం గురించి నేనడగలేదు. మళ్లీ చదవండి.

సిక్కోలు మావయ్య:
టాక్సీ బిల్లట! మా ఊరివాళ్లంతా ఇన్నేళ్లూ కట్టిన బిల్లులు పంపించమంటారా?

రన్‌వే 28:
స్లాట్ల సంగతి ఇంకా అలాగే ఉంది.

స్టీల్‌ప్లాంట్ అక్క:
మీ స్లాట్లు, మోపా పక్కన పెట్టండి. రాత్రిపూట గాజువాక నుంచి భోగాపురానికి ఆర్టీసీ బస్సు వేస్తారా? ఎవరికైనా తెలిస్తే అది చెప్పండి.