ఆర్డర్ బై (ఫలితాలు ఏ వరసలో రావాలో చెప్పే మాట) రాయకపోయినా వరస సరిగ్గానే వస్తుంటే, రాయడం నిజంగా అవసరమా?

కొత్త_కోడర్:
అందరికీ నమస్తే. మా కాలనీ సంఘం వెబ్‌సైట్‌లో నోటీసుల పేజీ చేశాను. పేజీ పీహెచ్‌పీలో రాశా, డేటా మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్‌లో ఉంది. పక్కన చిన్న జాబితా ఒకటి ఉంది, దానికి ఐడీ, విభాగం ఈ రెండు కాలమ్స్ సెలెక్ట్ చేస్తే చాలు కాబట్టి అంతే రాశా. ఇన్నాళ్ళూ ఎక్కించిన వరసలోనే వచ్చేవి. మొన్న సెర్చ్ స్లోగా ఉందని విభాగం మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి విడిగా సర్ది ఉంచే జాబితా) పెట్టాను, అప్పటి నుంచి విభాగాలు అక్షర క్రమంలో వస్తున్నాయి. డేటా ముట్టుకోలేదు. ఆఫీసులో ఒకాయన "ఇండెక్స్ తీసెయ్, సరిపోతుంది" అన్నారు, ఇంకొకాయన ఆర్డర్ బై ఎందుకు రాయలేదని క్లాసు పీకారు. ఎవరిది రైట్?

పాత_డీబీఏ:
క్లాసు పీకినాయనదే. ఇన్నోడీబీలో, అంటే మైఎస్‌క్యూఎల్ డేటాని దాచే ఇంజన్‌లో, మీరు పెట్టినలాంటి సెకండరీ ఇండెక్స్ లోపల ప్రైమరీ కీ (ఇక్కడ ఐడీ) కూడా ఉంటుందండీ. మీరు అడిగిన రెండు కాలమ్సూ ఆ ఇండెక్స్‌లోనే దొరికేశాయి, పైగా అది టేబుల్ కంటే చిన్నది, ఇక టేబుల్ దాకా వెళ్ళడం ఎందుకని మైఎస్‌క్యూఎల్ అదే చదివి ఇచ్చేసింది. ఒక్కో విభాగం లోపల చూడండి, ఐడీలు వరసగానే ఉంటాయి. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ (డేటా ఎలా చదువుతుందో చూపించే మాట) పెడితే ఎక్స్‌ట్రా అనే చోట "యూజింగ్ ఇండెక్స్" అని కనబడుతుంది. ఇండెక్స్ తీసేస్తే ఇవాళ్టికి వరస తిరిగొస్తుంది, సెర్చ్ మళ్ళీ నెమ్మదిస్తుంది.

బెజవాడ_బాబు:
కొత్తవాళ్ళని ఇంత భయపెట్టక్కర్లేదు. ఇన్నోడీబీ టేబుల్‌ని ప్రైమరీ కీ వరసలోనే దాస్తుంది, అది దాని కట్టుబడి. కండిషన్ ఏమీ లేకుండా సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్స్ ఇవ్వమని) రాస్తే ఐడీ వరసలోనే వస్తుంది. కాలనీ నోటీసులు మహా అయితే ఎన్నుంటాయి? స్టార్ పెట్టుకో తమ్ముడూ, గొడవ వదిలిపోతుంది.

పోస్ట్‌గ్రెస్_పిచ్చోడు:
బాబు గారూ, అది ఆ ఇంజన్ అలవాటు, అది మీకిచ్చిన మాట కాదు. రేపు ఇదే కోడ్ పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ మీదకి తీసుకెళ్తే? అక్కడ ఒక రోని (టేబుల్‌లో ఒక నోటీసు ఉన్న వరసని) అప్‌డేట్ చేస్తే పాతదాన్ని దిద్దరు, కొత్త వెర్షన్ రాస్తారు, అందుకే అక్షర దోషం సవరించిన నోటీసు ఉన్నట్టుండి జాబితా చివర తేలుతుంది. పెద్ద టేబుల్ అయితే ఇంకో తమాషా, పోస్ట్‌గ్రెస్ 8.3 వెర్షన్ నుంచి ఇద్దరు ఒకేసారి చదువుతుంటే రెండోవాళ్ళ స్కాన్ మధ్యలోంచి మొదలవ్వచ్చు. సరే, మైఎస్‌క్యూఎల్‌లోనే ఉంటామంటారా? 5.7 వెర్షన్ దాకా గ్రూప్ బై (ఒకే రకం వాటిని గుంపు చేసే మాట) రాస్తే దానంతటదే సార్ట్ చేసేది, 8.0లో తీసేశారు. దాన్ని నమ్ముకున్న రిపోర్టులు అప్‌గ్రేడ్ అయిన రోజు తలకిందులయ్యాయి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాళ్ళయితే ఆర్డర్ బై లేని క్వెరీలకి వరసని కావాలనే తిరగేసి ఇచ్చే ప్రాగ్మా (ఒక సెట్టింగ్) కూడా పెట్టారు, టెస్టింగ్‌లోనే ఇలాంటివి పట్టుబడాలని. నాకు తెలిసి ఈ విషయంలో అంతకంటే తెలివైన పని ఎవరూ చేయలేదు.

బెజవాడ_బాబు:
గ్రూప్ బై సంగతి ఒప్పుకుంటా. సరే, ఆర్డర్ బై ఐడీ అని రాయి, అయిపోయింది. ప్రైమరీ కీ కాబట్టి వేరే సార్టింగ్ ఖర్చు కూడా ఉండదు.

లలిత_వెబ్:
అక్కడే నాకు పేచీ. ఐడీ చెప్పేది ఎక్కించిన వరస, నోటీసు తేదీ కాదు. పాత రిజిస్టర్‌లోని నోటీసులు ఇవాళ ఎక్కిస్తే అవన్నీ కొత్త ఐడీలతో పైకి వచ్చి కూర్చుంటాయి. చదివేవాళ్ళకి కావలసింది తేదీ. కానీ తేదీ ఒక్కటే పెట్టినా చిక్కే, ఒకే రోజు నాలుగు నోటీసులుంటే వాటి మధ్య వరస ఎలాగైనా రావచ్చు, లిమిట్‌తో (ఒక్కో పేజీకి ఇన్నే అని) పేజీలు చేస్తే ఒకే నోటీసు రెండు పేజీల్లో కనబడి ఇంకోటి అసలు కనబడకుండా పోతుంది. ఆర్డర్ బై తేదీ డెసెండింగ్ (పెద్దది ముందు), కామా, ఐడీ డెసెండింగ్. రెండూ రాయాలి.

బెజవాడ_బాబు:
ఆ చిక్కు ఐడీతో అసలు రాదుగా అమ్మా, ఒక్కదాంతో పోయేదానికి రెండెందుకు?

కొత్త_కోడర్:
లలిత గారు చెప్పినట్టే రాశా, ఎర్రర్ లేదు, కానీ తేదీ ప్రకారం రావట్లేదు! తేదీ, ఐడీ రెండు పేర్లకీ సింగిల్ కోట్స్ పెట్టాను. టెన్షన్‌గా ఉంది, సాయంత్రం మీటింగ్‌లో చూపించాలి.

పాత_డీబీఏ:
కోట్స్ తీసేయండి. సింగిల్ కోట్స్‌లో పెడితే అది కాలమ్ కాదు, ఉత్త మాట. అన్ని రోలకీ అదే మాట కాబట్టి సార్ట్ చేయడానికి తేడా ఏమీ ఉండదు, అందుకే ఎర్రర్ కూడా రాదు. పేరుకి తప్పనిసరైతే బ్యాక్‌టిక్ (`) వాడండి. అన్నట్టు తేదీ కాలమ్ టైప్ ఏమిటి?

కొత్త_కోడర్:
వార్‌చార్, అంటే అక్షరాల టైప్. 05-11-2024 అని రాసుకున్నా, చదవడానికి బాగుంటుందని.

లలిత_వెబ్:
అయితే కోట్స్ తీసినా కుదరదు. అక్షరాలుగా పోలిస్తే 28-02-2023 అనేది 05-11-2024 కంటే పెద్దది, పాత నోటీసే పైన కూర్చుంటుంది. మీటింగ్ వరకూ ఆర్డర్ బైలో స్ట్ర్‌_టు_డేట్ ఫంక్షన్‌తో (అక్షరాలని తేదీగా మార్చేది) నెట్టుకురండి, తర్వాత డేట్ టైప్‌లో కొత్త కాలమ్ చేసి అందులోకి మార్చుకోండి. రోజు ముందు, నెల తర్వాత చూపించడం పేజీ పని, అది పీహెచ్‌పీలో చేసుకోవచ్చు.

కొత్త_కోడర్:
వచ్చేసింది, థాంక్యూ అండీ! ఇంకొక్కటి. కొన్ని నోటీసులు తీసేశాక 14 తర్వాత 17 కనబడుతోంది. మధ్యవి ఏమయ్యాయని మా సెక్రటరీ గారు అడుగుతున్నారు. ఐడీలు మళ్ళీ వరసగా సర్దమంటారా?

పాత_డీబీఏ:
వద్దు. వాట్సాప్‌లో పంపిన పాత లింకులు వేరే నోటీసులకి వెళ్తాయి. ఆటో ఇంక్రిమెంట్‌లో (దానంతటదే పెరిగే నంబర్) ఖాళీలు మామూలే, ఇన్సర్ట్ రోల్‌బ్యాక్ అయినా (ఎక్కించడం మధ్యలో రద్దయినా) నంబర్ పోయినట్టే.

బెజవాడ_బాబు:
ఇందులో మాత్రం డీబీఏ గారితోనే నేనూ. సెక్రటరీ గారికి వరస సంఖ్య కావాలంటే రో నంబర్ ఫంక్షన్‌తో వేరే కాలమ్ చూపించు, 8లో ఉంది. తేదీ గొడవ మాత్రం నేనింకా ఒప్పుకోలేదు లలిత గారూ, నోటీసు ఎక్కించేవాడు తేదీ తప్పు కొడితే ఏం చేస్తారు?

లలిత_వెబ్:
దిద్దుతాం. తప్పు ఐడీ పడితే మీరేం చేస్తారో చెప్పండి ముందు.