హైవే హత్యల మీద షార్ట్ ఫిల్మ్: ఎవరి వైపు నుంచి చెప్పాలి?

టంగుటూరు కుర్రోడు:
ఫ్రెండ్స్ నలుగురం కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టాం. 2008లో మన హైవే మీద లారీలు ఆపి డ్రైవర్లనీ క్లీనర్లనీ చంపిన మున్నా గ్యాంగ్ కేసు. అధికారుల్లా నటించి బండి ఆపడం, గొంతుకు తాడు బిగించడం, లోడు అమ్ముకోవడం, మద్దిపాడు దగ్గర గోడౌన్లో లారీని ముక్కలు చేయడం, అన్నీ పేపర్లలో వచ్చినవే. 2021 మేలో ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష వేసింది కాబట్టి ముగింపు కూడా దొరికిందనుకున్నాం.

కానీ ఏ సీను రాసినా ఆ గ్యాంగ్ నాయకుడు మున్నా చుట్టూనే తిరుగుతోంది. మొన్న రిహార్సల్లో మావాడొకడు వాడిలా నడిచి చూపిస్తే అందరం చప్పట్లు కొట్టాం. ఇంటికొచ్చి స్క్రిప్టు తీస్తే చనిపోయినవాళ్లకి కనీసం పేర్లు లేవు, "డ్రైవర్ 1", "క్లీనర్ 2" అని ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎలా రాయాలో చెప్పండి.

కావలి లారీ:
తమ్ముడూ, మా నాన్న ఆ రోజుల్లో అదే రోడ్డు మీద చెన్నై-కోల్‌కతా బండి నడిపాడు. క్యాబిన్లో చిన్న స్టవ్వు, బియ్యం డబ్బా, మడిచిన దుప్పటి, అద్దం పైన ఆర్‌సీ, పర్మిట్, వే బిల్లు పెట్టిన ప్లాస్టిక్ కవరు. ఆ కవర్లో మడిచిన నోటు ఒకటి ఎప్పుడూ ఉండేది, ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద ఎవరైనా చెయ్యెత్తితే బ్రేకు మీద కాలు పడకముందే నాన్న చెయ్యి కవరు మీదకి పోయేది. ఆ గ్యాంగు వాడుకున్నది ఆ అలవాటునే. నిజం అధికారా కాదా అని అడిగే ధైర్యం ఏ డ్రైవర్‌కి ఉంటుంది? ముందు ఆ చెయ్యి చూపించు.

నెల్లూరు వకీలు:
ముగింపు దొరికిందన్న మాట తప్పు. కింది కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఖరారు చేస్తేనే అమలవుతుంది. అది ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోకుండా చివరి కార్డు వెయ్యొద్దు. ఇక అనుమతుల సంగతి. తమిళనాడులో హత్యల కేసులో ఉరిశిక్ష పడ్డ ఆటో శంకర్ ఆత్మకథ కేసులో 1994లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, కోర్టు రికార్డుల్లాంటి పబ్లిక్ రికార్డులో ఉన్నది అనుమతి లేకుండా రాయొచ్చు, అది దాటి ఒకరి సొంత జీవితంలోకి వెళ్తే ఇబ్బందే. కాబట్టి తీర్పు కాపీ తెచ్చుకో, చనిపోయినవాళ్ల ఇంటి విషయాలు ఊహించి వాళ్ల అసలు పేర్లకి తగిలించొద్దు.

దక్షిణ కొరియాలో హ్వాసంగ్ అనే చోట జరిగిన వరుస హత్యల మీద 2003లో సినిమా తీసేనాటికి హంతకుడెవరో తేలలేదు. దర్శకుడు బాంగ్ జూన్ హో తనంతట తను తేల్చనూ లేదు. 2019లో అసలువాడు ఒప్పుకున్నాడు. అందులో ఒక హత్యకి దాదాపు 20 ఏళ్లు జైల్లో ఉన్న మనిషి 2020లో నిర్దోషిగా తేలాడు. సినిమా ఎవరినో ఒకరిని వేలెత్తి చూపించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

ఎడిటింగ్ టేబుల్:
తాడు సీను ఎంతసేపు ఉంచుతారు? ఐదు సెకన్లు దాటితే జనం తాడునే చూస్తారు, మనిషిని చూడరు. మున్నాకి స్లో మోషన్, బీజీఎం అసలే వద్దు, మీరు రిహార్సల్లో కొట్టిన చప్పట్లు రేపు చూసేవాళ్లూ కొడతారు. అలాగని వాణ్ణి పూర్తిగా తీసెయ్యమని అనను, తీసేస్తే ఇదంతా ఎలా జరిగిందో అర్థం కాదు. నాకైతే లోడు కొనే మనిషి కావాలి. లారీడు ఇనుము తక్కువ రేటుకి వస్తుంటే "ఎక్కడిది?" అని అడగకుండా డబ్బు లెక్కపెట్టేవాడు. వాడు లేకపోతే రెండో లారీ ఆగేది కాదు.

టంగుటూరు కుర్రోడు:
మొదటి సీను మార్చేశాను. క్యాబిన్, కవరు, ఆ చెయ్యి. "డ్రైవర్ 1" కొట్టేశాను కానీ ఏం పేరు పెట్టాలో తోచట్లేదు, కల్పిత పేరే పెడతాను. కావలి అన్నా, ఆదివారం వచ్చి మీ నాన్నతో కాసేపు మాట్లాడొచ్చా?

కావలి లారీ:
రా తమ్ముడూ. నాన్న ఆ పాత కవరు ఇంకా దాచిపెట్టుకున్నాడు.